స్టెప్నీ కింద నత్తగుల్లలు

నీళ్లలో మునిగిన కారును నీళ్లు లేని మండలానికి అమ్మారు. మునిగిందని అమ్మినవాడికి తెలుసు. కొన్నవాడు మా బావ. తట్టి, విని, చూసి, "తీసుకోవచ్చు బావా" అన్నది నేను.

ఈ నాలుగు ముక్కలూ ముందే రాయడానికి కారణం ఉంది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికి చెప్పినా మా నాయన కాలం నుంచి మొదలుపెట్టేవాణ్ని. వినేవాళ్లు కారు దాకా రాకముందే లేచిపోయేవాళ్లు. అందుకని ఈసారి అన్యాయం ముందు రాసేశాను. ఇక నేనెవరో చెప్తాను.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ పైన నన్ను చదివించింది కరెంటు మోటార్లు. కొత్త మోటారు వచ్చే అట్టపెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉండేది. కొన్నవాళ్లు దాన్ని పొయ్యిలో వేసేవాళ్లు, నేను అడిగి తెచ్చుకునేవాణ్ని. చిరిగిన నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకొని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. అందువల్ల నా ఇంగ్లీషులో హెచ్చరికలు ఎక్కువ, మర్యాదలు తక్కువ. కళ్యాణదుర్గంలో బస్టాండు వెనక మోటార్లకు వైండింగు కట్టే కొట్టు పెట్టాను. బోర్లలో నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటార్లు కాలిపోయేవి. మండలమంతా ఏడ్చే ఏడాది నా కొట్టు ముందు మోటార్లు వరుస కట్టేవి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. వానల్ని ఆపింది నేను కాదు.

బోరు మోటారు కంటికి కనబడదు, భూమి అడుగున ఎక్కడో ఉంటుంది. పైన పైపుకు చెవి ఆనించి వింటేనే తెలుస్తుంది, బేరింగు అరిగిందా, ఇసుక లాగుతోందా, నీళ్లు లేక ఒట్టిగా తిరుగుతోందా అని. నా చెవికి అది పట్టుబడింది. మొదట బోర్ల దగ్గరికి పిలిచేవాళ్లు. తర్వాత పాత స్కూటర్లు, పాత ట్రాక్టర్లు కొనేటప్పుడు పిలవసాగారు. తొంభైల చివరికి బెంగళూరు నుంచి పాత కార్లు మా వైపు దిగడం మొదలైంది. వజ్రకరూరు నుంచి మడకశిర దాకా పాత కారు కొనాలనుకున్నవాడు ముందు నా కొట్టుకు వచ్చేవాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాణ్ని. డాక్టరు మెడలో గొట్టం లాంటిదే, ఫీజు తక్కువ. "తీసుకోప్పా" అంటే తీసుకునేవాళ్లు. "వద్దప్పా" అంటే బ్రోకరు మొహం చూడకుండా బస్సెక్కేవాళ్లు. నా మాట మీద కొన్న బండి అప్పటివరకూ ఏదీ దారిలో నిలబడలేదు.

మా బావ అంటే మా అక్క భర్త. కుందుర్పి దగ్గర పల్లె. కొంత వేరుశనగ చేను, ఒక గొర్రెల మంద. వయసులో ఉండగా ఊళ్లో ఒకాయన ట్రాక్టరు పదేళ్లు నడిపాడు, లైసెన్సు ఉంది. మాట తక్కువ మనిషి. వరుసగా మూడేళ్లు వానలు లేవు. చేను విత్తనం మింగిందే గానీ తిరిగి ఇచ్చింది లేదు. గొర్రెలకు మేత దొరకలేదు. ఒకరోజు మందనంతా సంతకు తోలి, ఒట్టి చేతికర్రతో నా కొట్టుకు వచ్చాడు.

"గొర్రెలు అమ్మేసినా బామ్మర్దీ. కారు కొంటా."

"కారెందుకు బావా?"

"మా పక్క బస్సులు యాడుండాయి? కాన్పుకు పోవల్లన్నా, పెండ్లికి పోవల్లన్నా బాడిగ బండే గతి. నడిపేది నాకొచ్చు. గొర్రెకు మేత లేకుంటే చస్తాది. కారు ఊరికే నిలబెట్టినా ఏమీ అడగదు."

ఈ వాదంలో నాకు తప్పు కనబడలేదు. జీపు తీసుకోమన్నాను. జీపులు అందరికీ ఉన్నాయన్నాడు. పెండ్లికూతుర్ని జీపెక్కిస్తే తలలో పూలు ఊరు దాటకముందే రాలిపోతాయన్నాడు. ఆయన మనసులో అప్పటికే ఒక కారు ఉంది. కళ్యాణదుర్గంలో ఒక కాంట్రాక్టరు దగ్గర అటువంటిది చూశాడట.

ఆ కారు పేరు రాయను. రాస్తే చెడ్డపేరు దానికి తగులుతుంది, దాని తప్పేమీ లేదు. విదేశీ కంపెనీ ఒకటి మన దేశానికి వచ్చి, నాలుగైదేళ్లు ఆ కార్లు చేసి, అమ్మకాలు సాగక మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోయింది. మరీ పెద్దది కాదు, మరీ చిన్నది కాదు, వెనక పొడుగు డిక్కీ ఉండే నడిమి రకం. చెయ్యడం మానేసిన కారంటే జనానికి భయం. అందువల్ల అది చిన్న కారు ధరకే దొరికేది. అటువంటిది కొనాలనుకునేవాళ్ల కోసం దాని గుణదోషాలు ఇక్కడే రాసేస్తున్నాను, పత్రికలవాళ్లు వేసుకోలేదు కాబట్టి.

తలుపు మందం. వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు మూసుకుంటుంది. వెనక సీట్లో ముగ్గురు లావుపాటి ఆడవాళ్లు కూర్చొని నాలుగో ఆమెను కూడా రమ్మంటారు. ఏసీ మా ఎండను కూడా లెక్కచెయ్యదు. డీజిలు ఇంజను కాబట్టి చప్పుడు ఎక్కువ, తాగుడు తక్కువ. ఇక దోషాలు. పొట్ట కిందికి ఉంటుంది. మా పల్లెల్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు బండరాళ్లు పాతి స్పీడు బ్రేకరు అంటారు, వాటి మీద గీసుకుంటుంది. ఇంజను లోపల ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. దాన్ని వేళకు మార్చకపోతే అది తెగి, పోతూ పోతూ ఇంజనును కూడా వెంట తీసుకుపోతుంది. రేడియేటరు ఫ్యాను మోటారు బలహీనం. కొత్తది దొరకదు, నాలాంటివాడు తీగ చుట్టి ఇవ్వగలడు. మిగతా సామాన్లు బెంగళూరు తుక్కు బజారులో దొరుకుతాయి. ముందు బంపరు మాత్రం విరగ్గొట్టుకోవద్దు, అది ఎక్కడా దొరకదు. మొత్తం మీద, చేసినవాడు వదిలేసి పోయినా కారు మంచిది. వదిలేసి పోయినవన్నీ చెడ్డవనుకుంటే మా జిల్లాలో మంచిదనేది ఏదీ మిగలదు.

బావా నేనూ బెంగళూరు పోయాం. ఊరి బయట రేకుల పందిరి కింద పాతిక కార్లు నిలబెట్టి ఉన్నాయి. బ్రోకరు తెల్ల చొక్కా, నుదుట విభూతి. "బన్ని సార్, బన్ని" అని కన్నడంలో పిలిచి, మా మొహాలు చూసి తెలుగులోకి దిగాడు.

"డాక్టరు వాడిన బండి సార్. ఒకటే ఓనరు. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి. అంతే."

"అయితే రోగులకు అలవాటైన బండే" అన్నాడు బావ.

నెంబరు ప్లేటు సముద్రం పక్క రాష్ట్రానిది. అది కూడా నేను చూశాను. చూసి, దూరం నుంచి వచ్చిందనుకున్నాను తప్ప, సముద్రం దగ్గర నుంచి వచ్చిందనుకోలేదు.

నా పరీక్ష ఎప్పుడూ ఒకే వరసలో ఉంటుంది. ముందు బానెట్టు మీద అరచెయ్యి పెడతాను. వెచ్చగా ఉంటే మనం రాకముందే ఇంజను తిప్పారని అర్థం. పొద్దున్నే మొరాయించే ఇంజను వేడి మీద బుద్ధిగా ఉంటుంది. అది చల్లగానే ఉంది. ఆయిలు మూత విప్పి లోపల తెల్లటి నురగ ఉందేమో చూశాను. లేదు. స్టార్టు చేయించి పొగ చూశాను. కాసేపు నల్లగా వచ్చి తేటపడింది. పాత లౌడ్‌స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం గుడ్డలో చుట్టి నా సంచిలో ఉంటుంది. బాడీ మీద దాన్ని నడిపిస్తే, రంగు కింద పుట్టీ ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. ఎక్కడా వదలలేదు. తర్వాత స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకొని కళ్లు మూసుకున్నాను. నాలుగు సిలిండర్లూ నాలుగు మంచి ఎద్దుల్లా నడుస్తున్నాయి.

బ్రోకరు నన్ను చూసి, "ఏమంటాది సార్ లోపల?" అని నవ్వాడు.

"నిన్ను నమ్మొద్దంటాది" అన్నాను. అందరం నవ్వాం. ఆ ఇంజను నిజంగా ఆ మాట అని ఉంటే బాగుండేది.

నేను అలా వింటున్నంతసేపూ బావ కారు లోపల కూర్చొని ఉన్నాడు. అద్దాలు ఎత్తి, తలుపులన్నీ వేసుకొని, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. స్టీరింగు ముట్టుకోలేదు. నేను దగ్గరికి పోతే తలుపు సందు చేసి, "ఇట్ల రా బామ్మర్దీ. తలుపెయ్" అన్నాడు. పక్కన కూర్చున్నాను. లోపల ఒక వాసన ఉంది. ఎండిన నేల మీద తొలి చినుకులు పడితే వస్తుందే, అది. మూడేళ్లుగా మా ముక్కులకు తెలియని వాసన. ఇద్దరం కాసేపు పీల్చుకున్నాం. డాక్టరు గారి అత్తరు అయి ఉంటుందనుకున్నాను.

బావ దిగి ముందుకు పోయి హెడ్‌లైటు వైపు వంగి చూశాడు. "లైటులో నీళ్లుండాయి బామ్మర్దీ."

నిజమే. అద్దం లోపల నాలుగు చుక్కలు ఉన్నాయి. "ఉండనీ బావా. యాడో ఒకచోట ఉండనీ" అన్నాను. ఆ జోకుకు బ్రోకరు మాకంటే గట్టిగా నవ్వాడు. అది నేను గమనించాల్సింది.

సీటు కింద పట్టాలలో సన్నటి బూడిదరంగు మట్టి పేరుకొని ఉంది. మా దగ్గర దుమ్ము లేని కారు ఉండదు. దుమ్ము లేకపోతేనే నాకు అనుమానం వచ్చేది. డిక్కీ తెరిచి స్టెప్నీ టైరు తట్టాను, గాలి ఉంది. దాన్ని ఎత్తి కింద చూడలేదు. కారు కిందికి పడుకొని కూడా చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్తాను. మా దగ్గర ఇనుము తుప్పు పట్టదు. మా నాయన వాడిన నాగలి కర్రు ఇప్పటికీ గోడకు ఆనించి ఉంది. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటినా అది అలాగే ఉంది. పైపులు చేలల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, ఎవరూ కప్పరు. మాకు ఇనుము అరగడం తెలుసు, వంగడం తెలుసు, దొంగల పాలు కావడం తెలుసు. కుళ్లడం తెలియదు. అరవై బళ్లు చూసి ఉంటాను అప్పటికి, ఒక్కదాని అడుగూ చూడలేదు, చూడాలని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మోటార్ల పుస్తకాల్లో కూడా "తడి తగలనివ్వకండి" అని ఉంటుంది. ఆ పేజీ చదివి నవ్వుకొని తిప్పేసేవాణ్ని.

నా నోటుపుస్తకంలో ఆ రోజు రాసింది ఇప్పటికీ ఉంది. ఇంజను మంచిది. గేర్లు మంచివి. బ్రేకు మంచిది. వాసన మంచిది.

"తీసుకోవచ్చు బావా" అన్నాను. దుడ్లు లెక్కపెట్టి ఇచ్చాడు. హిందూపురం మీదుగా వచ్చేశాం. మడకశిరలో టీకి ఆపితే, పక్కన గొర్రెలు తోలుకొని పోతున్న ఒకాయన మా బావను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, మందంతా యాడ?"

బావ కారు చూపించాడు. "ఇదే."

ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఒకటే ఉండాదే. ఈనుతాదా?" అన్నాడు.

నాలుగు నెలలు కారు బాగా తిరిగింది. కుందుర్పి నుంచి కాన్పులు అనంతపురానికి పోయాయి, పెండ్లికూతుళ్లు మడకశిరకు పోయారు. అక్క ఆ సంవత్సరం మొదటిసారి నన్ను భోజనానికి పిలిచి వడ్డిస్తూ, "మా తమ్ముడు చూసిన కారు" అని పక్కింటి ఆమెకు చెప్పింది. నేను వినబడనట్టు తిన్నాను.

ఐదో నెలలో వైపర్లు వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. నడి వేసవి, ఆకాశంలో మబ్బు తునక లేదు, బావ పెండ్లివాళ్లను తీసుకుపోతుంటే వైపర్లు పొడి అద్దం మీద గీరుకుంటూ అటూ ఇటూ ఊగాయట. ఎంత ఆపినా ఆగలేదు. వెనక సీట్లో పెండ్లికొడుకు మేనమామ, "మీ కారుకు కల వచ్చినట్లుండాది డ్రైవరన్నా" అన్నాడట. తర్వాత హారను. చావు ఇంటి ముందు ఆగినప్పుడు అదే మోగింది, మోగుతూనే ఉంది. నేను వైర్లు విప్పి చూస్తే ప్రతి జాయింటులోనూ పచ్చటి పొడి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. తోమి పెట్టాను, మళ్లీ వచ్చింది.

ఆ తర్వాత అవ్వ కాలు. కళ్లకు ఆపరేషను చేయించుకోవడానికి పోతున్న ఒక ముసలామె వెనక సీట్లో కూర్చొని, గతుకు వచ్చినప్పుడు కాలు గట్టిగా తన్నిపెట్టింది. కాలు కార్పెట్టుతో పాటు కిందికి దిగిపోయింది. అదృష్టం కొద్దీ బండి నెమ్మదిగా ఉంది, చెప్పు మాత్రం రోడ్డు మీద ఉండిపోయింది. అవ్వ భయపడలేదు. "ఏమప్పా, బాడిగ తీసుకోని నన్ను నడిపిస్తాండావా?" అని అడిగింది.

బావ కారును నా కొట్టు ముందుకు తెచ్చి ఆపి, తాళం నా బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. అనంతపురం నుంచి బాడీ పని చేసే మేస్త్రీని పిలిపించాను. కోస్తాలో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు. ఆయన ఇంజను వైపు చూడనే లేదు. తలుపు తీసి తల లోపల పెట్టి, వెంటనే బయటికి తీశాడు.

"ఇది మునిగిన బండన్నా."

"నువ్వు ఇంకా ఏమీ చూళ్లేదు కదప్పా."

"చూసేదేముంది? వాసన రావటంల్యా?"

"అది వాన వాసన కదా" అన్నాను.

మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు. "వాన కాదన్నా, బూజు."

ఆ తర్వాత ఆయన చేసింది పాత కారు కొనేవాళ్లందరూ నేర్చుకోవాలి. సీటు బెల్టు పట్టుకొని, మొదలంటా బయటికి లాగాడు. మా వైపు దాన్ని ఎవరూ పెట్టుకోరు, లాగరు. లాగితే, పై సగం శుభ్రంగా ఉంది, కింది సగం మట్టి రంగు. మధ్యలో గీత గీసినట్టు ఉంది. నీళ్లు ఎంత ఎత్తు నిలబడ్డాయో ఆ గీత చెప్పింది. నా ఛాతీ దాకా వచ్చింది. కార్పెట్టు ఎత్తితే అడుగు రేకు అప్పడంలా విరిగింది. చివరికి స్టెప్నీ ఎత్తాడు. టైరు కింద గుంటలో ఎండిన నాచు, అందులో నత్తగుల్లలు. చిన్నవి, తెల్లవి, అరడజను ఉంటాయి. మా బావ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకొని తిప్పి చూశాడు.

అనవలసినవన్నీ అక్క అంది. "చెవిలో ఇనుము పెట్టుకోని విన్నావు గదరా. అది మునిగినానని చెప్పలేదా నీకి? మనిషి గొర్రెల్నమ్మి నీ చేతిలో పెట్టె. నువ్వు ముక్కు మూసుకోని పోయినావా ఆడికి?"

ముక్కు మూసుకొని పోలేదు. అదే అసలు బాధ.

కారు మళ్లీ బాడిగకు పనికిరాలేదు. అడుగు రేకు మార్చాలంటే అటువంటిది ఎక్కడా లేదు, కంపెనీయే లేదు. బావ దాన్ని ఎద్దులతో లాగించుకొనిపోయి ఇంటి పక్కన నిలబెట్టి, ఊళ్లోవాళ్ల గొర్రెలను పాలుకు మేపడానికి పోయాడు. ఒకప్పుడు సొంత మంద ఉన్న మనిషి. పుట్టిన పిల్లల్లో సగం గొర్రెలవాళ్లకు, సగం మేపినవాడికి. నా కొట్టుకు రావడం మానేశాడు. పెండ్లిళ్లలో కనబడితే "బాగుండావా" అనేవాడు, "బాగుండా" అనేవాణ్ని. నా మాట మీద మనిషి మునిగాడు, ఒక్క తిట్టు తిట్టడు. తిడితే సగం తీరేది.

తిట్టడు కాబట్టి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి ఉత్తరంలోనూ సాక్ష్యంగా ఒక నత్తగుల్ల దూదిలో చుట్టి పెట్టేవాణ్ని.

బ్రోకరుకు రాసింది తిరిగి వచ్చింది. నేనే పోయాను. కార్ల పందిరి ఉన్నచోట కల్యాణమంటపం ఉంది. లోపల ఎవరిదో పెండ్లి. భోజనానికి కూర్చోమన్నారు, కూర్చోలేదు.

ఆర్‌సీ పుస్తకంలో ఉన్న పాత యజమానికి రాశాను. ఆయన జవాబు ఇచ్చాడు, ఇంగ్లీషులో, చక్కటి చేతిరాత. నిఘంటువు అవసరం పెద్దగా పడలేదు. ఆయన డాక్టరు కాదు, రేవు కార్యాలయంలో గుమాస్తా. కారు రెండు రోజులు నీళ్లలో ఉందని, మునిగిన బండి అని చెప్పే ఇచ్చానని, తుక్కు కింద తీసుకుపోతామన్నారని, అది ఇంకా తిరిగిందంటే తనకే ఆశ్చర్యంగా ఉందని రాశాడు. నత్తగుల్ల తన మనవరాలు తీసుకుందట. మంచి మనిషి. నాకు కావలసింది మంచి మనిషి కాదు.

కంపెనీవాళ్లకు మూడు ఉత్తరాలు రాశాను. వాళ్ల తరఫున ఒక లాయరు కార్యాలయం నుంచి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. తెలుగులో దాని సారం ఇది: "సదరు నమూనా ఉత్పత్తి నిలిపివేయబడినది. తమరు జతపరచిన వస్తువును పరిశీలించితిమి. అది మా ఉత్పత్తులలో భాగము కాదు." ఆ చివరి మాట నిజమే. ఇంత అన్యాయంలో నాకు దొరికిన ఒకే ఒక్క సరైన సాంకేతిక అభిప్రాయం అది.

తర్వాత, వాహనాల గురించి సలహాలు ఇచ్చే ఒక పత్రిక శీర్షికకు రాశాను. పన్నెండు పేజీలు. చెయ్యడం మానేసిన కార్లు కొనేవాళ్లు ఏమేం చూడాలో, బానెట్టు మీద అరచెయ్యి నుంచి సీటు బెల్టు మీద గీత దాకా, వరసగా. అడుగు ఎందుకు చూడాలి, స్టెప్నీ ఎందుకు ఎత్తాలి, లైటులో చుక్క కనబడితే జోకులు ఎందుకు వెయ్యకూడదు. ఇంకో నెలకు ఆ శీర్షికలో రెండు వాక్యాలు వేశారు. "పాత కారు కొనేవారు తొందరపడకూడదు. అనుభవం ఉన్న మెకానిక్‌కు చూపించి, ఆయన చెప్పిన ప్రకారం నడుచుకోవాలి."

మా బావ చేసింది సరిగ్గా అదే.

ఆ పన్నెండు పేజీలు జిరాక్సు తీయించి కొట్టులో పెట్టాను. బళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి ఇచ్చేవాణ్ని. ఏ కారైనా ముందు తలుపు తీసి వాసన చూడడం మొదలుపెట్టాను, తర్వాతే స్క్రూడ్రైవరు. "ఈయప్ప ఇంతకుముందు వింటాండె, ఇప్పుడు వాసన చూస్తాండాడు" అని బస్టాండులో నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. ఆ తర్వాత నా చేతి మీదుగా పోయిన ఏ బండిలోనూ నత్త లేదు.

అక్క మాత్రం అప్పుడప్పుడూ కొట్టుకు వచ్చి ఒక సంగతి చెప్పేది. "సాయంత్రమయితే పోయి ఆ కార్లో తలుపేసుకోని కూర్చుంటాడురా మీ బావ. గొర్రెల్ని దొడ్లో తోలి, కాళ్లు కడుక్కోని, పోయి కూర్చుంటాడు. ఏమని అడిగితే పలకడు. నీ పున్యమే ఇది." పోగొట్టుకున్నదాని దగ్గర కూర్చొని మనిషి కుమిలిపోతున్నాడు, కారణం నేను.

ఏళ్లు గడిచాయి. ఆ కార్లు రోడ్డు మీద కనబడడం మానేశాయి. బావకు పాలు వాటాగా వచ్చిన పిల్లలు పెరిగి మళ్లీ చిన్న మంద అయింది. ఒక మధ్యాహ్నం, ఊళ్లోవాళ్ల మోటారు కాలిపోతే బండి మీద వేసుకొని ఆయనే తెచ్చాడు. తీగ చుట్టడానికి సమయం పడుతుంది కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. నాకు ఇంకో దారి తోచక, ఆ పన్నెండు పేజీలు తీసి మొదటి నుంచి చివరి దాకా ఆయనకు చదివి వినిపించాను. నేను చేసిన తప్పులన్నీ అందులో వరసగా ఉన్నాయి, అంతకంటే క్షమాపణ నాకు చేతకాదు. అడ్డు రాకుండా విన్నాడు. మిగిలిన ఒకే ఒక్క నత్తగుల్ల బల్ల మీద పెట్టాను.

"నా మాట మీద కొంటివి బావా. మందంతా పాయె. ఇన్నేండ్లలో ఒక్క మాట అన్లేదు నువ్వు. ఈ పొద్దన్నా అను. తిట్టు. నీ నోటితో జవాబు చెప్పు నాకు" అన్నాను.

బావ నత్తగుల్లను తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకొని చూశాడు. అందులో ఏమీ లేనట్టుంది, మళ్లీ బల్ల మీద పెట్టాడు. తర్వాత నావైపు తిరిగి, చెప్పాడు:

"నీ మాట మీద యాడ కొన్నా బామ్మర్దీ? నువ్వు ఆ స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకోని ఇంజనుతో మాట్లాడతాంటివి, నేను లోపల తలుపేసుకోని కూర్చుంటి. వానొచ్చినట్ల వాసనొచ్చె. ఆడే కొనేసినా. నువ్వు వద్దన్నా కొంటాంటి. ఇప్పుడు వాసన శానా తగ్గిపోయిండాది, అదొకటే."